పక్కింటావిడకి పడిన గోలీ మీకెందుకు పడట్లేదు

అందరికీ నమస్కారమండి. వెనకాల వినిపిస్తోందా? సరే.

మన మల్కాజిగిరిలో సాయంత్రం పార్కులో కూర్చుంటే ఒకరి గోలీ పేరు ఇంకొకరు రాసుకుపోవడం మామూలే, ఇప్పుడు కాళ్ల గోలీ కూడా అందులో చేరింది. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకినట్టు, గుంజినట్టు ఉండి, లేచి నడిస్తేనే నెమ్మదించే రెస్ట్‌లెస్ లెగ్స్ సంగతి చెప్తున్నా. ఆవిడకి ప్రామిపెక్సోల్‌తో హాయిగా నిద్ర పట్టిందంట, నాకేమో వాంతులు, ఏంటి సార్ ఇది అంటారు.

ముందు ఐరన్ చూడాలమ్మా. మెదడులో కదలికల్ని అదుపులో పెట్టే డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఐరన్ కావాలి, ప్రామిపెక్సోల్ పనిచేసేది కూడా ఆ డోపమైన్ లాగే. హిమోగ్లోబిన్ 13 ఉంది కదా అంటారు, అది చాలదు, ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో చెప్పే ఫెరిటిన్ చూడాలి. అది 20 ఉన్నా చాలా ల్యాబులు నార్మల్ అనే రాస్తాయి, ఈ జబ్బుకి మాత్రం 75 లోపు ఉంటే ఐరన్ ఇవ్వాలా అని ఆలోచిస్తాం. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఏదైనా ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అదొక తిరకాసు. ఐరన్ గోలీ వేసుకుని వెంటనే ఇరానీ చాయ్ తాగితే ఆ గోలీ సగం దండగే, ఇది ఎంత చెప్పినా ఎవరూ వినరు.

ఇక మందు ఒంట్లోంచి పోయే దారి. ప్రామిపెక్సోల్ చాలావరకు అలాగే మూత్రంలో పోతుంది, కిడ్నీలు వీకైతే లోపలే పేరుకుంటుంది. అదే రకం మందు రోపినిరోల్ పని లివర్ చూసుకుంటుంది, సిగరెట్ తాగేవాళ్లలో ఆ మందు తొందరగా కరిగిపోతుంది, అదే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే ఎక్కువైపోతుంది. ఈ కాళ్ల బాధకే ఇచ్చే ఇంకో రకం మందు గాబాపెంటిన్ కూడా కిడ్నీల మీదే ఆధారం, డయాలసిస్ వాళ్లకి చాలా తక్కువ డోసు, పెద్దవాళ్లు మత్తుకి బాత్రూంలో పడిపోతారు జాగ్రత్త.

ఆ వాంతుల సంగతి చెప్తా. వాంతికని మెటోక్లోప్రమైడ్ వేసుకుంటారు, అది డోపమైన్‌నే అడ్డుకుంటుంది, కాళ్లు ఇంకా రెచ్చిపోతాయి, మందు పనిచేయట్లేదని డోసు పెంచుకుంటారు! నిద్రమత్తు తెచ్చే జలుబు, దురద గోలీలూ, డిప్రెషన్ మందులు కొన్నీ ఇంతే.

మొదట్లో బ్రహ్మాండంగా పడినవాళ్లు కూడా వినండి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ ఏళ్లు వాడితే కొందరికి రాత్రి పదింటికి వచ్చే బాధ సాయంత్రం నాలుగింటికే మొదలవుతుంది, చేతులకీ పాకుతుంది, డోసు పెంచినకొద్దీ ముదురుతుంది. అందుకే 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వాటిని మామూలుగా వాడొద్దని, గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి, ఐరన్ తక్కువుంటే ఐరన్ ముందు చూడమని చెప్పింది. అలాగని రేపే ఆపేయకండి, టక్కున ఆపితే కొన్ని రాత్రులు నరకమే, డాక్టరే మెల్లగా తగ్గించాలి. ఈ మందు మొదలెట్టాక ఇంట్లో ఎవరైనా ఫోన్లో రమ్మీకి అతుక్కుపోతే అదీ చెప్పండి, అది కూడా దీని సైడ్ ఎఫెక్టే కావచ్చు.

ఫెరిటిన్ రిపోర్టు ఉన్నవాళ్లు ముందుకి రండి, మీరు వేసుకునే స్ట్రిప్పులన్నీ చూపించండి, జలుబు గోలీది కూడా.