పొలం పనికి చేతి పనిముట్లు: ఏది కొనాలి, ఏది దండగ?

నమస్కారం అండి. ఇవాళ్టి వీడియోలో ఇంజిన్ లేదు, బ్యాటరీ లేదు. పార, గునపం, కత్తి, కొడవలి, అంతే. ఊళ్ళో ఎకరమో అరెకరమో కొనుక్కుని, ఆదివారం వచ్చి సొంతంగా చేసుకునేవాళ్ళ కోసం ఇది. రోజూ పొలంలో ఉండేవాళ్ళకి నేను చెప్పేదేముంది, మీకు తెలిసింది మీరే కింద కామెంట్లో పెట్టండి.

ముందు పార. ఇదిగో రెండున్నాయి, దగ్గరగా చూడండి. ఇది రేకు కోసి, కర్ర దూర్చే చెవి విడిగా చేసి వెల్డింగ్ పెట్టింది. ఇది ఒకే ఇనుప ముక్కని కాల్చి సాగగొట్టింది, చెవి కూడా అందులోంచే వచ్చింది. షాపులో రెండింటికీ అదే నల్ల పెయింటు. చెవి చుట్టూ వేలితో తడిమితే అతుకు తెలిసిపోతుంది. రాయి తగిలినప్పుడల్లా ఆ దెబ్బంతా పడేది అక్కడే.

షాపుకి వెళ్ళేటప్పుడు చిన్న ఆకురాయి జేబులో వేసుకోండి. అంచు మీద ఒక్కసారి రుద్దండి. సులువుగా అరిగిపోతే ఇనుము మెత్తన, అంచు తొందరగా మడత పడుతుంది. అసలు పట్టకుండా జారిపోతే మరీ గట్టి, రాయి తగిలితే పెచ్చు లేస్తుంది. కాస్త కష్టపడి అరగాలి, అలాంటిది తీసుకోండి. రుద్దనివ్వను అన్నాడా, పక్క షాపు ఉంది కదా.

తర్వాత వాలు చూడాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. పార రేకు కామవైపు, అంటే కర్ర పిడి వైపు, బాగా వంగి ఉంటే గడ్డి చెక్కడానికి, మట్టి లాగడానికి బాగుంటుంది. తవ్వకానికి ఆ వంపు తక్కువ ఉండాలి, అప్పుడే దెబ్బ నేలలోకి దిగుతుంది. గులకరాళ్ళున్న చల్క నేలకి వెడల్పు తక్కువగా, రేకు మందంగా ఉన్నది కావాలి. గట్లు వేయడానికి, కాలవలో మెత్తటి మట్టి తీయడానికి అయితే వెడల్పు పారే. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు మాత్రం ఏ పారైనా ఒకటే, మట్టి అంటుకుని రెండింతల బరువవుతుంది. ఒకట్రెండు రోజులు ఆగండి.

కామ తుమ్మ కర్రది వేయించుకోండి, బాగా ఎండినది. పచ్చి కర్ర బిగిస్తే ఎండాకాలానికి సన్నబడి పార ఊగుతుంది. నీళ్ళలో నానబెడతారు చూడండి, అది ఆ పూటకే. ఆరితే మళ్ళీ వదులు. చీల కొట్టించాల్సిందే. పొడుగు మనుషులైతే కామ కూడా కాస్త పొడుగ్గా అడగండి, సాయంత్రానికి నడుము మీ మాట వింటుంది.

ఇప్పుడు గునపం, అదే గడ్డపార. కంచెకి కడీలు పాతడానికి గుంతలు పారతో తీస్తుంటారు. ఆ గుంత వెడల్పైపోతుంది, ఎంత మట్టి కూరినా కడీ కదులుతూనే ఉంటుంది. గునపంతో సన్నగా, లోతుగా పొడిచి, వదులైన మట్టిని చేత్తోనో కొబ్బరి చిప్పతోనో తోడెయ్యండి. ఒక కొస మొనగా, ఇంకో కొస ఉలిలా చదునుగా ఉన్నది కొనండి. మొన మొరానికి, చదును కొస వేళ్ళకి. లోపల డొల్ల ఉన్న పైపు గునపాలు కూడా వస్తున్నాయి, తేలిగ్గా ఉంటాయి. రాయి కింద పెట్టి ఎత్తారో, వంగిపోతుంది. నా ఓటు దానికి లేదు.

సర్కారు తుమ్మ కొట్టడానికి కొడవలి పట్టుకెళ్ళకండి, దయచేసి. పొడుగు కామ ఉన్న కత్తి ఒక చేతిలో, కంపను నెట్టడానికి పంగల కర్ర ఇంకో చేతిలో. ఊరి కమ్మరి దగ్గర లారీ కమాను పట్టాతో కొట్టించిన కత్తి దీనికి చాలా బాగుంది. మొదలు మాత్రం కత్తితో వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుంది, గునపంతో నేల లోపల మొదలంటా తీయాలి. కత్తిని గ్రైండర్ మీద సాన పెట్టిస్తే మధ్య మధ్యలో నీళ్ళలో ముంచమనండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఆ ఉక్కులో గట్టిదనం పోయినట్టే.

కొడవళ్ళలో కక్కులున్న, అంటే అంచుకి రంపంలా పళ్ళున్న, నవీన్ కొడవలి నాకు నచ్చింది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ రూపొందించింది. బరువు రెండు వందల గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. పిడి వెనకవైపు వంపు ఉంది చూడండి, పట్టు జారదు, వరి కోసేటప్పుడు చేతికి దెబ్బ తగలదు. దీన్ని మాటిమాటికీ రాయి మీద నూరక్కర్లేదు. పచ్చగడ్డి కోతకి, వరికి సరే, జొన్న చొప్ప లాంటి మందపు కాడలకి మాత్రం మామూలు నున్నటి కొడవలే.

చక్రం ఉన్న కలుపు యంత్రం, సైకిల్ వీడర్ అంటారు కదా. సాళ్ళు తిన్నగా ఉండి, నేల కాస్త తడి పదును మీద ఉంటే హాయిగా నడుస్తుంది. ఎండి బిగిసిన నేలలో తోస్తే మీరే అలిసిపోతారు.

ఇక ఆన్‌లైన్‌లో రంగురంగుల ప్లాస్టిక్ పిడులతో వచ్చే గార్డెన్ సెట్లు. మేడ మీద కుండీలకైతే కొనుక్కోండి.