ఇసుక గడి

శ్రోతలకు నమస్కారం. నేను విశాఖపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం పూర్తి చేసిన జంతుశాస్త్రం విద్యార్థినిని. తీర జీవావరణం మీద సాగుతున్న ఒక పరిశోధనలో ఈ వేసవికి ఇంటర్న్‌గా చేరి నేటికి 12 రోజులు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం వైపు ఉన్న బండల మీద ఏ ప్రాణి ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టడం మా పని.

మొదటి రోజు మేడం నా చేతికి మూడు వస్తువులు ఇచ్చారు. ఒక పెన్సిలు, ప్లాస్టిక్ పైపులతో చేసిన ఒక చట్రం, ఆటుపోట్ల పట్టిక. పెన్సిలు ఎందుకంటే పెన్ను రాత తడిస్తే చెదిరిపోతుంది. పట్టిక చూస్తే మాత్రం ఆశ్చర్యం వేసింది. 'జీవితంలోని ఆటుపోట్లు' అని పరీక్షల్లో ఎన్ని వ్యాసాలు రాశానో! ఆ మాటను గంటలు, నిమిషాల్లో చూడటం అదే మొదటిసారి. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఇవాళ ఉదయం 5 గంటలకు నీళ్లు బాగా వెనక్కి వెళితే, రేపు అలా వెళ్లేసరికి దాదాపు 5.50 అవుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కాస్త ముందుకు జరిగిపోతాడు, మళ్లీ అతని ఎదుటికి రావడానికి మనకు ఆ 50 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు అన్నిటికంటే ఎక్కువ దూరం తగ్గుతాయి. అందుకే మా వంటింటి క్యాలెండరులో అమ్మ ఏకాదశి చూసుకునే వరుసలోనే నేను నా పని రోజులకు చుక్కలు పెట్టుకుంటున్నాను.

ఇంకా వెలుగు రాకముందే నాన్న స్కూటరు మీద దింపుతారు. అక్కడి రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. ఆ బండ మీద పైనుంచి కిందికి దిగుతుంటే నాలుగు అడుగులకోసారి కాపురాలు మారిపోతాయి. ఎండకు కాలిపోయే పై పగుళ్లలో చిట్టి నత్తలు. వాటికి దిగువన తెల్లగా, గరుకుగా బార్నకిల్స్, రాతికి కరుచుకున్న గుల్లలు. ఎప్పుడూ తడి ఆరని అట్టడుగున నాచు, పువ్వుల్లా విచ్చుకునే ఎనిమోన్లు అనే సముద్రపు జంతువులు.

బార్నకిల్ గురించి కొంచెం చెప్పాలి. పడవల అడుగున పట్టేది ఇదే, కాబట్టి మత్స్యకారులకు దీనితో పాత తగవు. ఇది నత్తల జాతి అనుకునేదాన్ని. కాదు, రొయ్యకు, పీతకు చుట్టం. పిల్లగా ఉన్నంతకాలం ఈదుతుంది. తరువాత ఒక చోటు ఎంచుకుని, తలను రాతికి అతికించుకుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుని బతికినన్నాళ్లూ అక్కడే ఉండిపోతుంది. మూడో రోజు ఒక నీటి గుంట మీద వంగి చూస్తుంటే, ఒకదాని పైకప్పు రెండు రెప్పల్లా తెరుచుకుంది. లోపలి నుంచి ఈకల వంటి సన్నని కాళ్లు బయటికి వచ్చి, వల విసిరినట్టు విచ్చుకుని, చటుక్కున ముడుచుకున్నాయి. మళ్లీ విచ్చుకున్నాయి. అది తింటోంది. పుట్టినప్పటి నుంచి ఈ తీరం వెంట తిరుగుతున్నాను, దాని భోజనం ఎప్పుడూ చూడలేదు.

ఇక చట్రం సంగతి. ఒక్కో వైపు 50 సెంటీమీటర్లు. లోపల దారాలు కట్టి 25 గడులు చేశారు. దాన్ని బండ మీద పరిచి గడి గడికీ లెక్క రాయాలి. ఎక్కడ పరచాలో మాత్రం మన ఇష్టం కాదు. ముందురోజే చీటీలు తీసినట్టు అంకెలు తీస్తాం, ఆ అంకె చెప్పిన దూరంలోనే పెట్టాలి. నా కళ్లు ఎనిమోన్లున్న గుంట వైపు లాగేవి. అంకె నన్ను బోడి రాతి మీద నిలబెట్టేది. అందమైన చోట్లే ఎంచుకుంటే తీరమంతా కళకళలాడుతున్నట్టు తప్పుడు లెక్క వస్తుందని మేడం చెప్పారు. ఏమీ లేకపోతే సున్నా రాయాలి, కాగితం ఖాళీగా వదలకూడదు. ఖాళీ అంటే చూడలేదని, సున్నా అంటే చూశామని.

నీటి వేడి, ఉప్పదనం కూడా రాస్తాం. 1950వ దశకంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఈ తీరంలోనే పరిశోధన చేశారు. వేసవి గాలులు పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెట్టినప్పుడు అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుందని గమనించినవారిలో ఆయన ఒకరు. అది తెలిశాక థర్మామీటరును తొందరపడి బయటికి తీయడం లేదు.

ఇలాంటి అవకాశం ఎలా దొరుకుతుందని స్నేహితులు అడుగుతున్నారు. బెంగళూరు, న్యూఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని సైన్సు అకాడమీలు మూడూ కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి, వాటికి దరఖాస్తులు వేసవికి చాలా నెలల ముందే పెట్టుకోవాలి. నేను మాత్రం నేరుగా ఉత్తరం రాశాను. ఏ ప్రశ్న నన్ను పట్టుకుందో అందులో ఒక పేరాలో చెప్పాను.

మొన్నటి విషయం చెప్పి ముగిస్తాను. బండ దిగువన, నాచు దట్టంగా ఉండాల్సిన చోట, వరసగా నాలుగు చట్రాలు సున్నా వచ్చాయి. ఎండ వల్ల కావచ్చని పక్కన రాసుకున్నాను. కొంచెం అవతల ఒకామె ఇనుప మొనతో గుల్లలు ఒలుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. వాళ్ల పడవ ఒడ్డునే ఉంది. నన్ను చూసి, "అక్కడ ఏముంటాయమ్మా? మొన్నటిదాకా ఆ రాయి ఇసుకలో పూడిపోయి ఉంది" అంది. "ఎంత వరకు అమ్మా?" అని అడిగాను. లేచి వచ్చి, తన మోకాలి ఎత్తున రాతి మీద చెయ్యి పెట్టి చూపించింది. సరిగ్గా ఆ గీతకు పైనే బార్నకిల్స్ మొదలయ్యాయి.

సాయంత్రం మేడంతో చెప్పాను. మా కాగితంలో ఇప్పుడు 'ఇసుక ఎత్తు' అని కొత్త గడి ఒకటి చేరింది. ఒక వెదురు కర్ర మీద సెంటీమీటర్లు గీసి పెట్టుకున్నాను. రేపు ఆటు ఉదయం 5.20కి. ఆమె కూడా వస్తానంది.