అప్పుతో పుట్టే డబ్బు

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థులు, పొదుపు సంఘాల సభ్యులు, రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిగ్రీ పిల్లలున్నారు, పక్కన పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లున్నారు, వెనక మామిడి రైతులు కూడా కొందరు కనబడుతున్నారు. అందరికీ బ్యాంకుతో పనుంది. అందుకే బ్యాంకులో డబ్బు ఎట్లా పుడుతుందో, ఎట్లా మాయమవుతుందో ఈ సాయంత్రం చెప్పాలనుకుంటున్నాను.

కుబేరుడు శ్రీవారికి అప్పిచ్చిన కథ వింటూ పెరిగిన ఊరు మనది. ఆ కథలో అప్పిచ్చేవాడి దగ్గర నిధి ముందే ఉంది, అందులోంచి తీసి ఇచ్చాడు. బ్యాంకు గురించి కూడా మనం అట్లాగే అనుకుంటాం. మనం దాచిన డబ్బు తీసి ఇంకొకరికి ఇస్తుందని, మధ్యలో వడ్డీ తేడా మిగుల్చుకుంటుందని. వడ్డీ తేడా సంగతి నిజమే. మొదటి మాట మాత్రం సరికాదు.

మీ జేబులో ఉన్న నోటు రిజర్వు బ్యాంకుది. రూపాయి నోటు, నాణేలు మాత్రం కేంద్ర ప్రభుత్వానివి. రూపాయి నోటు మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. అయితే బ్యాంకుల్లో ఉన్న మొత్తం డిపాజిట్లతో పోలిస్తే దేశంలో తిరిగే నోట్లు అయిదో వంతు కూడా లేవు. మిగతా డబ్బంతా ఖాతాల్లో అంకెలే. టీ కొట్లో ఫోన్‌పే కొడితే కదిలేది ఆ అంకెలే. ఆ అంకెలు అసలు ఎక్కడ పుట్టాయన్నదే ప్రశ్న.

మనకు తెలిసిన పంటతోనే చూద్దాం. జూన్‌లో తోతాపురి మామిడి కోతలు ఊపందుకుంటాయి. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు ఆ కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొనాలి. గుజ్జు తీసి, బ్యాగుల్లో నింపి, డ్రమ్ముల్లో పెట్టి, గల్ఫ్ దేశాలకో యూరప్‌కో అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి. రైతు అన్ని నెలలు ఆగలేడు. అందుకని ఫ్యాక్టరీ యజమాని బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే ఒక హద్దు దాకా కావలసినప్పుడల్లా తీసుకునే అప్పు, పెట్టించుకుంటాడు. గోడౌన్‌లో ఉన్న సరుకు విలువ కట్టి, అందులో మార్జిన్, మామూలుగా పావు వంతు, తీసేసి మిగతాదాని మేరకు వాడుకోనిస్తారు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. బ్యాంకు మనిషి అప్పుడప్పుడు పోయి ఆ డ్రమ్ములు లెక్కపెట్టి, ఏ సంవత్సరం సరుకో చూసి రావాలి.

ఇప్పుడు బంగారుపాళ్యం నుంచి ఒక రైతు నాలుగు టన్నుల కాయ తోలాడనుకోండి. కిలో పది రూపాయల లెక్కన ఫ్యాక్టరీ అతని ఖాతాలో 40,000 వేసింది. ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉన్నాయి. పుస్తకాల్లో ఏం జరిగింది? ఫ్యాక్టరీ బాకీ 40,000 పెరిగింది. రైతు సేవింగ్స్ ఖాతాలో నిల్వ 40,000 పెరిగింది. ఇంకెవరి ఖాతాలోనూ పైసా తగ్గలేదు. మీ ఫిక్సెడ్ డిపాజిట్ అట్లాగే ఉంది. స్ట్రాంగ్ రూంలో నోట్ల కట్టలు కదల్లేదు. నిన్నటిదాకా ఎక్కడా లేని 40,000 ఇవాళ జిల్లాలో ఉంది. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలో ఇదే విషయాన్ని విడమరిచి రాసింది. అప్పు ఇచ్చినప్పుడే డిపాజిట్ పుడుతుంది.

ఆ రైతు మరుసటి వారం అదే బ్యాంకులో కుదువ పెట్టిన భార్య గాజులు విడిపించుకున్నాడు. అసలు కింద 30,000 కట్టాడు. గాజులు ఇంటికొచ్చాయి. అతని నిల్వ 30,000 తగ్గింది, అతని బాకీ కూడా అంతే తగ్గింది. ఆ 30,000 ఇంకెవరి ఖాతాలోకీ పోలేదు. అప్పు తీరింది, దానితోపాటు ఆ డబ్బూ పోయింది. ఒక్క వడ్డీ మాత్రం బ్యాంకు ఆదాయంగా మిగిలి, సిబ్బంది జీతాలుగా, డిపాజిటర్ల వడ్డీగా మళ్లీ బయటికి వస్తుంది.

మరి రాసినంత డబ్బు పుడితే బ్యాంకు ఎంతైనా రాసుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. అట్లా కుదరదు. రైతు ఖాతా వేరే బ్యాంకులో ఉంటే, మొదటి బ్యాంకు రిజర్వు బ్యాంకులో తనకున్న ఖాతాలోంచి ఆ బ్యాంకుకు అసలైన చెల్లింపు చేయాలి. అందరూ అప్పు తీసుకుని డబ్బు బయటి బ్యాంకులకు పంపిస్తుంటే ఆ ఖాతా ఖాళీ అవుతుంది. మీ డిపాజిట్ల కోసం బ్యాంకులు ఇంటింటికీ తిరిగేది అందుకే. డిపాజిట్లలో కొంత శాతం రిజర్వు బ్యాంకు దగ్గరే ఉంచాలన్న నియమం కూడా ఉంది. 2025లో దాన్ని 4 నుంచి 3 శాతానికి విడతలవారీగా తగ్గించారు. వీటన్నిటికంటే గట్టి కట్టడి మూలధనం. ఇచ్చిన అప్పుల రిస్కును లెక్కగట్టి, దానిలో కనీసం 9 శాతం బ్యాంకు యజమానుల సొంత పెట్టుబడి లాంటి నిధులుండాలి. అప్పు మునిగితే ముందు కరిగేది అదే.

అదీ చాలకపోతే? 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. ఆ తర్వాతే, 1962లో, డిపాజిట్ బీమా వచ్చింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బీమా 5 లక్షలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని బ్రాంచీలూ కలిపి, అసలు వడ్డీతో సహా అంతే. కోఆపరేటివ్ బ్యాంకులకూ వర్తిస్తుంది. చీటీలకు వర్తించదు. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీ చట్టబద్ధమైనదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ వీధిలో నమ్మకం మీద వేసే చీటీలో, ప్రైవేటు ఫైనాన్సులో దాచిన డబ్బు వెనక ఏ బీమా లేదు. పిల్ల పెళ్లి డబ్బు అక్కడ పెట్టకండమ్మా.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. అప్పుతో డబ్బు పుడుతుంది కాబట్టి, ఆ అప్పు దేనికి ఇచ్చారన్నది ఊరందరి సంగతి. మామిడికిచ్చిన అప్పుతో డబ్బూ పుట్టింది, గుజ్జూ తయారైంది. తిరుపతి చుట్టూ ప్లాట్లు కొనడానికిచ్చే అప్పుతో డబ్బు పుడుతుంది, భూమి మాత్రం సెంటు కూడా పెరగదు. ధర పెరుగుతుంది. పెరిగిన ధర చూసి తర్వాతివాడికి ఇంకా పెద్ద లోను ఇస్తారు. జీతగాడికి ఇల్లు అందకుండా పోవడంలో ఈ వరసకు పెద్ద పాత్రే ఉంది. ఇల్లు కట్టుకునే అప్పు వద్దనడం లేదు, అమ్ముకోవడానికే కొనే ప్లాటు గురించి మాట్లాడుతున్నాను.

పంట అప్పు కూడా దానంతటదే మంచిదైపోదు. 2025లో ఏం జరిగిందో వెనక కూర్చున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పాత గుజ్జు డ్రమ్ములు అమ్ముడుపోకుండా ఉండిపోయాయి, ఫ్యాక్టరీలు కాయ కొనడానికి వెనకాడాయి, ధర పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. బ్యాంకు చూసే డ్రమ్ము కాగితం మీద ఆస్తే, కొనేవాడు లేకపోతే దాని విలువెంత? ఇక్కడే అప్పు మంజూరు చేసే మనిషి తెలివిడి అక్కరకొస్తుంది. చిత్తూరులో హెడ్డాఫీసు ఉన్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. పెద్ద బ్యాంకుకు బలం ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ మన పంటకు సంతకం పెట్టే అధికారికి తోతాపురికీ టమోటాకూ తేడా తెలియాలని గట్టిగా కోరుకుంటున్నాను.

చివరగా సంఘాల అక్కచెల్లెళ్లకు ఒక మాట. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అది మీకు తెలుసు. ఫ్లాట్ రేటు సంగతి చూడండి. లక్ష రూపాయలు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు కంతులు. నెలకు 9,333 కట్టాలి. మొదటి నెల నుంచే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే వేస్తున్నారు. నిజానికి మీ మీద పడేది 21 శాతం పైనే. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే కొత్త అప్పులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సంతకం పెట్టే ముందు తెలుగులో అడగండి. లేదంటే లేదనే కాగితం మీద రాసి ఇవ్వమనండి.

ఇక మైకు మీకిస్తున్నాను. ముందు మామిడి రైతులు అడగండన్నా, మీకు బస్సు టైమవుతోంది.