భయం తగ్గేదాకా ఆగనక్కర్లేదు: ప్యానిక్ అటాక్‌లకు ఎక్స్‌పోజర్ చికిత్స

సభకు నమస్కారం.

మెట్రో రైలులోనో, ఫ్లైఓవర్ మీదనో, సినిమా హాల్లోనో ఉన్నట్టుండి గుండె దడ పుట్టి, ఊపిరాడక, ప్రాణం పోతుందేమోనన్నంత గాభరా పడినవారికి మన ఇళ్లలో దొరికే సలహా దాదాపు ఒకటే: "కొన్నాళ్లు అటు వెళ్లకు, మనసు కుదుటపడ్డాక చూద్దాం." ప్రేమతో చెప్పే మాటే. అయినా, ఒక్క పూట గాభరాను ఏళ్ల తరబడి సాగే జబ్బుగా మార్చడంలో ఈ సలహా పాత్ర చాలా పెద్దదని నా అభిప్రాయం. భయపెట్టే దాన్ని తప్పించుకోకుండా మెట్టుమెట్టుగా ఎదుర్కొనేలా చేసే ఎక్స్‌పోజర్ థెరపీ దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తుంది. అదెలాగో, ఎందుకో వివరించడమే ఈ సాయంత్రం నా పని.

ముందుగా ఈ గాభరా, అంటే ప్యానిక్ అటాక్, సంగతి చూద్దాం. అడ్రినలిన్ ఎగసి గుండె వేగం పెరుగుతుంది. శ్వాస వడివడిగా సాగడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, కళ్లు తిరుగుతాయి, వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి. ఇదంతా సాధారణంగా పది నిమిషాలలోపే పతాక స్థాయికి చేరి, ఆపైన తనంతట తానే దిగుతుంది. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1986లో చెప్పినట్టు, అసలు చిక్కు ఈ లక్షణాలకు మనం చెప్పుకునే అర్థంలో ఉంది: దడను గుండెపోటనీ, తల తిరుగుడును స్పృహ తప్పడమనీ అనుకోగానే భయం రెట్టింపవుతుంది, భయం పెరిగేకొద్దీ దడ పెరుగుతుంది. అయితే ఛాతీనొప్పి వచ్చినప్పుడు, ముఖ్యంగా మొదటిసారి, ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవలసిందే. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయలో తేడాలు కూడా చూపించుకోవలసిందే. నేను మాట్లాడుతున్నది, ఆ పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక కూడా మళ్లీ మళ్లీ అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తే మనిషి గురించి.

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. హైదరాబాద్‌లో తార్నాకలో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒకామె ఉన్నదనుకుందాం. ఒకనాడు ఉదయం కిక్కిరిసిన రైలు అమీర్‌పేట దాటి కాసేపు ఆగింది. దడ, చెమటలు, ఇక అయిపోయాననే భావన. యూసుఫ్‌గూడలో దిగిపోయి ఆటోలో ఇంటికి వెళ్లిపోయింది. దిగిన క్షణంలో కలిగిన ఆ హాయి ఉన్నదే, చిక్కంతా అక్కడ మొదలవుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ దక్కే ఊరట, తప్పించుకునే అలవాటునే గట్టిపరుస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త మౌరర్ 1947లోనే సూత్రీకరించాడు. మరుసటి వారం నుంచి క్యాబ్. ఆపైన ఫ్లైఓవర్లు లేని దారిలో క్యాబ్. ఆపైన ఇంటి నుంచే పని. ఎప్పుడైనా తప్పనిసరై బయలుదేరితే చేతిలో నీళ్ల సీసా, పర్సులో గాభరా తగ్గించే ఆల్ప్రాజోలమ్ బిళ్లలు, ఫోన్‌లో భర్త. ప్రయాణం క్షేమంగా ముగిసినా ఆ ఘనత సీసాకూ, బిళ్లకూ, భర్తకూ పోతుందే తప్ప, తన శరీరం ఆ దడను తట్టుకోగలదన్న సంగతి ఆమెకు ఎన్నటికీ తెలియదు.

చికిత్స చరిత్ర చాలా పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పసివాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. దక్షిణాఫ్రికాకు చెందిన మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958 నాటికి దీన్ని ఒక క్రమపద్ధతిగా రూపొందించాడు. అప్పటి పద్ధతిలో శరీరాన్ని సడలించుకుంటూ భయాన్ని ఊహించుకోవాలి. ఈనాడు సడలింపు అంత అవసరం కాదని తేలింది. ఊహ కంటే నేరుగా ఎదుర్కోవడానికే ప్రాధాన్యం.

ఇప్పుడు ఆ తార్నాక ఆమె చికిత్స ఎలా సాగుతుందో దగ్గరగా చూడండి. మొదట రైలు కాదు, చికిత్స గదిలోనే శరీర లక్షణాలను కావాలని తెప్పించుకుంటారు: తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిరగిరా తిరగడం, ఒక నిమిషం వేగంగా ఊపిరి పీల్చి వదలడం, ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో శ్వాసించడం. ప్రతి దానికీ ముందు కాగితం మీద ఒక జోస్యం రాయాలి: "స్పృహ తప్పి పడిపోతాను; నూటికి ఎనభై పాళ్లు." చేశాక దాని కిందనే జరిగింది రాయాలి: "తల తిరిగింది, వాంతి వచ్చేలా అనిపించింది, పడిపోలేదు." చదవడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, చికిత్సకు ఆయువుపట్టు ఈ కాగితమే.

తర్వాత రైలు వంతు. తార్నాక ప్లాట్‌ఫారం మీద నిలబడి నాలుగైదు రైళ్లు వెళ్లేదాకా చూడటం. ఎక్కి మెట్టుగూడలో దిగడం. మధ్యాహ్నం రద్దీ లేని వేళ అమీర్‌పేట దాకా. ఉదయం తొమ్మిది గంటల రద్దీలో రాయదుర్గం దాకా. తలుపు దగ్గర కాకుండా పెట్టె నడిమధ్యన, నీళ్ల సీసా లేకుండా, ఫోన్ సంచిలో పెట్టి. చివరగా ఎస్కలేటర్ వదిలేసి మెట్ల మీదుగా పరుగెత్తి, గుండె దడదడలాడుతుండగానే రైలెక్కడం. ఈ ఆఖరి మెట్టు దాకా రాకుండానే చాలామంది చికిత్స ముగించేస్తారు. అది పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను.

భయం సగానికి తగ్గేదాకా రైలు దిగకూడదన్నది ఒకప్పటి నియమం. మనస్తత్వవేత్త మిషెల్ క్రాస్కే, ఆమె సహచరులు చేసిన పరిశోధనల తర్వాత ఆ పట్టు సడలింది. ఆ ప్రయాణంలో భయం ఎంత తగ్గిందన్నది కాదు, రాసుకున్న జోస్యం ఎంతగా తప్పిందన్నదే ముఖ్యమని వారి వాదన. వణుకుతూ ఎక్కి వణుకుతూనే దిగినా, పడిపోలేదు గనుక ఆ రోజు పని జరిగినట్టే. ధైర్యం రాలేదని తమను తాము తిట్టుకునేవారికి ఇది చిన్న ఊరట కాదు.

ఇక్కడ ప్రాణాయామం గురించి ఒక మాట, ఎందుకంటే ఎవరో ఒకరు అడిగి తీరుతారు. ఉదయాన్నే ఇంట్లో చేసుకుంటే నాకే అభ్యంతరమూ లేదు. రైల్లో అటాక్‌ను ఆపడానికని చేస్తే మాత్రం అది మరో నీళ్ల సీసా అవుతుంది. పర్సులోని బిళ్లల సంగతీ అంతే. కానీ ఆల్ప్రాజోలమ్ రోజూ వాడుతున్నవారు నా మాట విని హఠాత్తుగా మానకూడదు, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి. ఇంట్లోవారు ఫోన్‌లో పదే పదే "ఏమీ కాదులే" అనడం కూడా ఈ కోవలోదే. దానికి బదులు "భయంగా ఉందా, ఉండనీ, ఏ స్టేషన్ వచ్చింది?" అని మామూలుగా అడిగి ఫోన్ పెట్టేయడం మేలు.

కొన్ని మినహాయింపులున్నాయి. రక్తం, సూది చూస్తే కళ్లు తిరిగేవారికి రక్తపోటు నిజంగానే పడిపోతుంది, నిజంగానే స్పృహ తప్పవచ్చు. వారికి కండరాలు బిగబట్టే పద్ధతిని స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త లార్స్ ఊస్ట్ రూపొందించాడు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవారూ, గర్భిణులూ కుర్చీ, స్ట్రా వంటి అభ్యాసాలు డాక్టరును అడగకుండా చేయరాదు. ఇక, భయపడేవాడిని మేనమామ లిఫ్టులోకి నెట్టి తలుపు మూయడం చికిత్స కాదు. రోగి ఒప్పుకోని మెట్టు ఎక్కించకూడదు.

ప్రభుత్వ వైద్యం కావాలంటే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేనివారు 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రైవేటు చికిత్సకుడిని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "మీరు నన్ను గది బయటికి తీసుకెళ్తారా, లేక నాకు బయట చేసే అభ్యాసాలు ఇస్తారా?" రెంటికీ లేదని జవాబొస్తే మరొకరిని చూసుకోవడం మంచిది.

చివరిగా, తగ్గిన భయం తిరిగి రావడం గురించి. ఒక చోట నేర్చుకున్న ధైర్యం ఆ చోటికే అంటిపెట్టుకునే స్వభావం కలది. అందుకే మెట్రో ఒక్కటే చాలదు: సిటీ బస్సు, లిఫ్టు, జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీ, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే, అన్నిటా అభ్యాసం జరగాలి. అయినా నిద్ర చాలక, ఆఫీసు ఒత్తిడి పెరిగి, ఎన్నో నెలల తర్వాత ఒకనాడు మళ్లీ అటాక్ రావచ్చు. దాంతో చికిత్స వృథా అయిందని అనుకోవద్దు. వీలైతే దిగవలసిన స్టేషన్‌లోనే దిగండి. వీలుకాక ముందే దిగిపోతే, తర్వాతి రైలెక్కండి. ఆ రోజుకు అదీ కుదరకపోతే, మర్నాడు ఉదయం ఆ వేళకే, ఆ రైలుకే వెళ్లండి.