"ఆల్ ఒరిజినల్" అంటే నమ్మడమెలా? పాత ఐబనెజ్ ఆర్టిస్ట్ హార్డ్‌వేర్ కబుర్లు

హోస్ట్: ఆన్ అయింది అన్నా. ముందు ఈ ఫొటోలు చూడు. మన లిజనర్ ఒకాయన టోక్యోలో ఉంటాడు. ఒచనోమిజులో, అదే ఆ గిటార్ షాపుల వీధిలో, ఐబనెజ్ ఆర్టిస్ట్ అనే పాత ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి చూశాడట. మోడల్ ఏఆర్300. ట్యాగ్ మీద "ఆల్ ఒరిజినల్" అని, అంటే సామానంతా ఫ్యాక్టరీలో బిగించిందే అని రాసుందట. నమ్మొచ్చా అని అడుగుతున్నాడు.

అతిథి: ట్యాగ్ మీద ఏం రాస్తే ఏముందిలే. సీరియల్ నంబర్ కనిపిస్తోందా?

హోస్ట్: హెడ్‌స్టాక్ వెనక, అదే మెడ చివర తీగలు బిగించే తల వెనక ఉంది. హెచ్, 79, తర్వాత నాలుగంకెలు.

అతిథి: అంటే 1979 ఆగస్టు. ఆ లెక్క చాలా సులువు. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా ఎల్ దాకా వస్తే డిసెంబరు. పక్కన రెండంకెలు సంవత్సరం. మిగతా నాలుగూ వరస నంబరు. 1975 చివర్లో మొదలుపెట్టి ఎనభైల్లో చాలాకాలం ఇదే నడిచింది. బ్రాండేమో నగోయాలోని హొషినో గక్కి వాళ్లది, చేసింది మత్సుమోటోలో ఫుజిజెన్ ఫ్యాక్టరీ. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ నంబర్ నీకు చెక్క వయసే చెప్తుంది. దాని మీద బిగించిన సామాను సంగతి దానికేం తెలుసు?

హోస్ట్: బోల్ట్-ఆన్ నెక్ వాటికి, అదే మెడని స్క్రూలతో బిగించే గిటార్లకి, నంబర్ వెనక ప్లేట్ మీదే ఉంటుంది కదా?

అతిథి: ఐబనెజ్‌లోనే రోడ్‌స్టార్ మోడళ్లకి అలాగే ఉంటుంది. అక్కడైతే నాలుగు స్క్రూలు విప్పి ప్లేట్ మార్చేస్తే గిటార్ పుట్టినరోజే మారిపోతుంది. ఆర్టిస్ట్‌ది సెట్ నెక్, మెడ జిగురుతో అతికించి ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు.

హోస్ట్: మరి సామాను సంగతి ఎలా తెలుసుకోవాలి?

అతిథి: రంధ్రాలు చూడాలి. అందరూ ట్యూనర్ మీద, అదే తీగ బిగించే మర మీద, పేరు చదువుతారు, నేను ట్యూనర్ పక్కన చెక్క చూస్తాను. ఎనభైల్లో, తొంభైల్లో ట్యూనర్లు మార్చడం పెద్ద ఫ్యాషన్. కొత్తదానికి స్క్రూ వేరే చోట పడుతుంది. పాత రంధ్రంలో పుల్ల పెట్టి, జిగురేసి, పైన లాకర్ అద్దుతారు. ఫొటోలో ఏమీ కనిపించదు. అదే టార్చ్‌లైట్ పక్క నుంచి వాలుగా వేసి చూడు, చిన్న గుంట తేలుతుంది. ఇంకోటి, ట్యూనర్ డబ్బా కింద ఉన్న ఫినిష్‌కి వెలుతురు తగలదు కదా, అక్కడ రంగు తేడాగా ఉంటుంది. ఇప్పుడున్న ట్యూనర్ అంచు దాటి ఆ నీడ కనిపించిందంటే అక్కడ ఇదివరకు ఇంకేదో కూర్చుందన్నమాట.

హోస్ట్: ఈ ఫొటోలో... ఇదిగో, జూమ్ చేస్తున్నా. నాలుగో తీగ ట్యూనర్ కింద ఏదో గీతలా ఉంది.

అతిథి: గీతలా ఉందా, నీడలా ఉందా? ఫొటో చూసి తేల్చలేం. స్క్రూ ఒకటి విప్పి చూపించమనాలి. అయితే ఒక మాట, జపాన్ స్క్రూలకి జిస్ స్క్రూడ్రైవర్, అంటే జపాన్ ప్రమాణంతో చేసింది కావాలి. మామూలు ఫిలిప్స్ పెడితే జారి ప్లస్ గాడి అరిగిపోతుంది. స్క్రూ తలలు చిరిగి ఉన్నాయంటే ఇదివరకు ఎవరో తొందరపడి విప్పారని అర్థం.

హోస్ట్: బ్రిడ్జి చూద్దామా?

అతిథి: ఆర్టిస్ట్‌లో నాకు బాగా నచ్చేది అదే. జిబ్రాల్టర్ బ్రిడ్జి. బ్రిడ్జి అంటే బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క. బరువుగా ఉంటుంది, దాని కింద చెక్కలో ఇత్తడి దిమ్మ ఉంటుంది. సస్టెయిన్ బ్లాక్ అంటారు. దాని వెనక తీగల చివర్లు పట్టుకునేది క్విక్ చేంజ్ టెయిల్‌పీస్. మామూలు స్టాప్ టెయిల్‌పీస్‌లా తీగని రంధ్రంలోంచి లాగక్కర్లేదు, గాడిలో పెట్టేయడమే. గాడుల్లేని టెయిల్‌పీస్ కనిపించిందా, ఇంకేం చూడక్కర్లేదు, మార్చేశారు.

హోస్ట్: ఇందులో గాడులున్నాయి. కానీ తళతళా మెరుస్తోంది.

అతిథి: అదే నాకు అనుమానంగా ఉంది. దీనికి బంగారు పూత ఉంటుంది. కుడి అరచెయ్యి ఆనేది బ్రిడ్జి మీద, చెమట తిన్నగా అక్కడికే పోతుంది. నలభై ఏళ్లు వాయించాక అక్కడ పూత పోయి లోపలి తెల్లలోహం కనపడాలి. బ్రిడ్జి అరిగిపోయి టెయిల్‌పీస్ ఒక్కటే పెళ్లికూతురులా ఉందంటే అది వేరే ఇంటి నుంచి వచ్చిందేమో అడగాలి. రెండూ మెరుస్తుంటే గిటార్ మంచం కింద పడి ఉండి ఉంటుంది. అది మంచిదే.

హోస్ట్: (నవ్వు) టెయిల్‌పీస్‌ని చెక్కకి పట్టి ఉంచే బోల్టులు, ఆ స్టడ్‌ల సంగతో?

అతిథి: అది మాత్రం డబ్బులు పోయే చోటు. జపాన్ స్టడ్ ఎం8, మెట్రిక్. అమెరికాది 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. కంటికి రెండూ ఒకటే. కానీ మర తేడా. ఎం8లో చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.25 మి.మీ., అమెరికా దానిలో దాదాపు 1.06. అమెరికన్ స్టడ్ తెచ్చి బలవంతంగా తిప్పితే రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత మర కొరికేస్తుంది. అందుకే స్టడ్ చేత్తో తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడమను.

హోస్ట్: నాబ్‌లు?

అతిథి: నాబ్ కంటే దాని కింద పాట్, అదే సౌండ్ పెంచే, తగ్గించే భాగం ముఖ్యం. జపాన్ పాట్ షాఫ్ట్ 6 మి.మీ., పళ్లు 18. అమెరికన్ కంపెనీ సీటీఎస్ పాట్‌కి 24. సీటీఎస్ మెడ లావు, సుమారు 9.5 మి.మీ., అది పట్టాలంటే రంధ్రం పెద్దది చెయ్యాలి. తర్వాత పాత పాట్ మళ్లీ తెచ్చి పెట్టినా ఆ రంధ్రం చిన్నదవదుగా! వాషర్ కింద చూస్తే చాలు.

హోస్ట్: తీగల కింద శబ్దం పట్టే పికప్‌లు కూడా విప్పాలా?

అతిథి: తప్పకుండా. 1979 అంటే సూపర్ 70 పికప్‌లు ఉండాలి. అవి చేసింది మ్యాక్సన్ పేరుతో వచ్చే నిష్షిన్ కంపెనీ. వెనక బేస్‌ప్లేట్ మీద సిరాతో అచ్చు వేసిన అంకెలుంటాయి. తర్వాత సూపర్ 58 వచ్చింది. కానీ అంకెలకంటే సోల్డర్‌ని ఎక్కువ నమ్ముతాను. వెనక మూత తీసి చూడు. ఫ్యాక్టరీ సోల్డర్ పాతబడి మసకగా, అన్ని పాట్‌ల మీదా ఒకే చేతి వాటంతో ఉంటుంది. మధ్యలో ఒక్కటి మాత్రం మెరిసే ముద్ద ఉంటే అక్కడ వైరు తీసి మళ్లీ పెట్టారు. పికప్ తీసి డిమార్జియో కంపెనీది పెట్టుకుని, అమ్మేముందు మళ్లీ పాతది బిగించినా సోల్డర్ దాచలేరు.

హోస్ట్: ఇంకో అనుమానం. "లాసూట్ గిటార్", అంటే కోర్టు కేసు గిటార్ అని కూడా రాశారట.

అతిథి: అది అమ్మేవాళ్ల మంత్రం. 1977లో అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ యజమాని నార్లిన్ కేసు వేసింది తమ హెడ్‌స్టాక్ ఆకారం కాపీ కొట్టారని, ఐబనెజ్ అమెరికా విభాగం ఎల్గర్ మీద. ఆర్టిస్ట్ ఆకారం వాళ్ల సొంత డిజైన్. ఆ పేరుతో రేటు పెంచితే ఒప్పుకోవద్దు.

హోస్ట్: ఒక్క ప్రశ్న. వాయించుకునేవాడికి ఇదంతా ఎందుకన్నా? ట్యూనర్ బాగుంటే చాలదా?

అతిథి: చాలు. పాత ట్యూనర్ పళ్లు అరిగి శ్రుతి నిలవకపోతే నేనే మారుస్తాను. కానీ పాత రంధ్రాల్లోనే కూర్చునేది వెతుకుతాను, పాతవి కేస్ జేబులో పెడతాను. కొనేటప్పుడు కూడా అదే లెక్క. ట్యూనర్లు మారాయి, కొత్త రంధ్రం లేదు, పాతవి కేస్‌లో ఉన్నాయి అంటే రేటు పెద్దగా తగ్గించక్కర్లేదు. అదే చెక్క తొలిచి ఉంటే గట్టిగా బేరమాడాలి.

హోస్ట్: అయితే మనవాడికి ఏం రాయమంటావ్?

అతిథి: ఫొటోలు ఇంకో నాలుగు పంపమను. ట్యూనర్ ఒకటి విప్పాక హెడ్‌స్టాక్ వెనక, పికప్ వెనక, కంట్రోల్ మూత కింద, స్టడ్ బయటకి తీసి. విప్పడానికి షాపువాళ్లు ఒప్పుకోకపోతే ఆ వీధిలో ఇంకో షాపు చూసుకోమను, అక్కడ వాటికేం తక్కువ.