పోటీలు అయిపోయాక ఈత

అందరికీ నమస్కారమండీ. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఒకప్పుడు పోటీల్లో ఈదినవాళ్లేనట, కాబట్టి తెల్లారకముందే లేవడం, ఒంటికి పట్టేసే క్లోరిన్ వాసన, ఇవన్నీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, నేరుగా విషయానికొచ్చేస్తా.

పోటీ ఈత మహా ఒంటరి ఆట. పక్క లేన్లో మనిషి ఉంటాడు, కానీ తాడుకి అవతల. చెవుల్లో నీళ్లు, అడుగున నల్ల గీత, గంటల తరబడి అదే చూస్తూ ఉంటాం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై రేసు అమెరికన్ ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ గెలిచింది 0.01 సెకను తేడాతో, అంటే అంత చిన్నదాని కోసం ఏళ్లకేళ్లు పెడతామన్నమాట. 28 ఒలింపిక్ మెడల్స్ ఉన్న ఆయనే తన డిప్రెషన్ గురించి బయటికొచ్చి మాట్లాడాడు, ఇక ఆట మానేశాక మనబోటివాళ్లకి నీళ్లంటేనే విరక్తి పుడితే అందులో వింతేముంది?

కొన్నేళ్ల తర్వాత మళ్లీ పూల్‌కి వెళ్తాం. ఒక్కళ్లమే దిగి వాచ్ నొక్కుతాం, పాత టైమింగ్ రాదు (ఎలా వస్తుందండీ?), మొహం మాడ్చుకుని ఇంటికొచ్చేస్తాం. నన్నడిగితే ఆ వాచ్ పక్కన పడేసి ఓ నలుగురితో కలిసి దిగండి. ఒకే లేన్లో ఒకవైపు వెళ్తూ రెండోవైపు తిరిగొస్తూ ఈదుతుంటే ముందున్నవాళ్ల పాదాల వెనకే వెళ్లేవాళ్లకి శ్రమ తగ్గుతుంది, అందుకే కాసేపు మీరు ముందుండాలి, కాసేపు వాళ్లు. దాటాలంటే పాదం మెల్లగా తడితే చాలు, గోడ దగ్గర ఆగి దారిస్తారు. ఇక ఆ గోడ దగ్గర రొప్పుకుంటూ చెప్పుకునే కబుర్లున్నాయి చూశారూ, అసలు మజా అంతా అక్కడే.

మాస్టర్స్ ఈత గురించి కూడా చెప్పాలి. 25 ఏళ్లు నిండినవాళ్లకి పెట్టే పోటీలివి, వయసుని బట్టి ఐదేసి ఏళ్లకో గ్రూపు, ప్రపంచ పోటీలు 1986లో టోక్యోలో మొదలయ్యాయి. నాకు బాగా నచ్చేది వాళ్ల రిలే. నలుగురి వయసులూ కలిపి, ఆ మొత్తాన్ని బట్టి గ్రూపు ఇస్తారు. దాంతో డెబ్బై ఏళ్ల పెద్దాయన టీమ్‌లో ఉంటే టీమ్ గ్రూపే మారిపోతుంది, ఆయన కోసం వెతుక్కుంటూ వస్తారు! అక్కడికెళ్లి కూడా పాత టైమింగ్ జబ్బు తిరగబెట్టించుకునేవాళ్లు ఉంటారనుకోండి, వాళ్ల సంగతి వదిలేద్దాం.

మొదట్లో మీ స్థాయికి తక్కువ అనిపించే లేన్లోనే దిగండి. ఒకప్పటి ఛాంపియన్‌కి అది కాస్త గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి. పక్కన కొత్తగా నేర్చుకుంటున్నావిడ "శ్వాస ఎప్పుడు తీసుకోవాలండీ?" అని అడుగుతుంది, మీరేమో చిన్నప్పట్నుంచీ ఆలోచించకుండా చేసేస్తున్న పని, చెప్పబోతే మాటలు రావు, మళ్లీ ఈది చూసుకుని చెప్పాల్సొస్తుంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి, నా టైమింగ్ ఎంత అన్నది తప్ప.