ఇంట్లో చేసే క్రిస్మస్ కానుకలు: ఏది నిజంగా చవక, ఏది పేరుకే చవక?

నమస్కారం. డిసెంబరు వస్తే చాలు, 'ఇంట్లోనే చేసుకోండి, ఖర్చే లేదు' అంటూ ఫోను నిండా వీడియోలే. తీరా చూస్తే ఆ ఖర్చు లేని కానుకకు గ్లూ గన్ కావాలి, దానిలోకి జిగురు కడ్డీలు కావాలి, మెరుపుల పొడి, శాటిన్ రిబ్బను, ఎక్కడి నుంచో తెప్పించిన పైన్ కాయలు కావాలి. అన్నీ కొన్నాక లెక్క చూసుకుంటే, కొట్లో తయారుగా దొరికేదే నయమనిపిస్తుంది. అందుకని నేను రెండే పరీక్షలు పెట్టుకున్నాను. ఇంట్లో ఉన్నదానితో, లేదంటే వీధి చివరి కొట్లో దొరికేదానితో పని అవుతుందా? చేసింది పండుగ దాకా నిలుస్తుందా? ఈ బల్ల మీద ఉన్నవన్నీ అలా చేసి చూసినవే. కొన్ని చేయమంటాను, కొన్ని మానేయమంటాను.

ముందు నక్షత్రం. మన ఊళ్ళలో ఏ ఇంట్లో క్రిస్మస్ చేసుకుంటున్నారో వీధి మొదట్లోనే తెలిసేది దీనివల్లే కదా. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నాను. రెండడుగుల వెదురు బద్దలు పది, అన్నీ ఒకే కొలత. అయిదింటితో ఒక నక్షత్రం, మిగతా అయిదింటితో ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనల దగ్గరా దారంతో గట్టిగా కట్టేయాలి. ఇప్పుడు లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు అయిదు కనిపిస్తున్నాయా? అక్కడ రెండు చట్రాల మధ్య నాలుగంగుళాల పుల్ల ముక్కలు నిలబెట్టాలి. అప్పుడు నక్షత్రానికి పొట్ట వస్తుంది. పనితనమంతా ఈ అయిదు పుల్లల్లోనే ఉంది. పొట్టివైతే బల్బు కాగితానికి ఆనుతుంది, మరీ పొడుగైతే బద్దలు విరుగుతాయి.

కాగితం సంగతి. చాలామంది జిలెటిన్ పేపరు అంటిస్తారు. పగలు తళతళలాడుతుంది, రాత్రి మాత్రం లోపలి బల్బు, వైరు, ముడి అన్నీ బయటికి కనిపిస్తాయి. గాలిపటాల కాగితం వెలుగును పరిచినట్టు చేస్తుంది, ధర కూడా తక్కువ. సంక్రాంతి దగ్గర పడుతుంది కాబట్టి ఈ రోజుల్లో కొట్లలో అన్ని రంగులూ ఉంటాయి. జిగురు కొనకండి. రెండు చెంచాల మైదా గ్లాసుడు నీళ్ళలో ఉడికిస్తే చాలు. పురుగు పట్టకుండా పెద్దవాళ్ళు అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనిలో అది వద్దు, మన నక్షత్రం ఉండేది నెల రోజులేగా. ఒక్క లోపం ఏమిటంటే ఈ కాగితానికి మంచు పడదు. డాబా మీద కడితే తెల్లారేసరికి వేలాడిపోతుంది. వసారా లోపల కట్టండి.

బల్బు ఎల్‌ఈడీదే పెట్టండి, 5 వాట్లు చాలు. రోజుకు 12 గంటల చొప్పున 30 రోజులు వెలిగినా 1.8 యూనిట్లే కాలుతుంది. అదే పాత 60 వాట్ల బల్బయితే 21.6 యూనిట్లు, పైగా ఆ వేడికి కాగితం మాడుతుంది. కొట్లో దొరికే మడత అట్ట నక్షత్రాలు చెడ్డవని నేను అనను. మడిచి దాచుకుంటే మరుసటి ఏడాదికి పనికొస్తాయి. తీరిక లేనివాళ్ళు అవే కొనండి. ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే మాత్రం వెదురుదే చేయించండి.

ఇక తినేవి. నా ఓటు గులాబీ పువ్వులకే. కొన్నిచోట్ల గులాబీ గుత్తులు అంటారు. కానుకగా ఇవ్వడానికి దీన్ని మించింది నాకు కనిపించలేదు. చూడటానికి బాగుంటుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే రెండు వారాలు కరకరలాడుతూనే ఉంటుంది. ఒక గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు మైదా, అర గ్లాసుకు కొంచెం తక్కువగా పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు. వీటిని కొబ్బరి పాలతో దోసెల పిండి కన్నా పలచగా కలుపుకోవాలి. పంచదార ఎక్కువైతే అచ్చుకు పట్టేస్తుంది, రంగు కూడా తొందరగా మారిపోతుంది.

అసలు కష్టం అచ్చుతోనే. కొత్త ఇనప అచ్చు అయితే రాత్రంతా గంజిలో నానబెట్టి, తుడిచి, నూనెలో కాసేపు కాగనివ్వండి. ప్రతి పువ్వుకూ ముందు అచ్చు నూనెలో వేడెక్కాలి. చల్లగా ఉంటే పిండి అంటుకోదు, మరీ కాలిపోతుంటే అంటినట్టే అంటి జారిపోతుంది. ఇక్కడ చూడండి, పిండిలో అచ్చు ముప్పావు వంతే ముంచుతున్నాను. అంచు దాటి మునిగిందంటే పిండి పైకెక్కి కూర్చుంటుంది, ఎంత ఊపినా పువ్వు ఊడదు. నూనెలో పెట్టాక క్షణం ఆగి మెల్లగా ఊపితే విడిపోతుంది. మొదటి రెండు మూడు వంకరగా వస్తాయి. అవి వంటింట్లో ఉన్నవాళ్ళ వాటా, కానుక డబ్బాలోకి వెళ్ళవు. బియ్యప్పిండి అడుక్కి చేరుతుంది కాబట్టి మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. వెడల్పు మూకుడు కాకుండా చిన్న లోతు మూకుడు పెట్టుకుంటే నూనె సగం మిగులుతుంది. ఈ వంటలో పెద్ద ఖర్చు నూనెదే.

పక్కింటికి పళ్ళెంలో పెట్టి పంపితే ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి రాదన్నది కూడా లెక్కలో వేసుకోండి. సంక్రాంతికి అరిసెలతో వస్తుంది.

కేకు దగ్గర నా తీర్పు అంత తియ్యగా ఉండదు. జీడిపప్పు, బాదం, వెన్న, ఎసెన్సు, కోకో అన్నీ కొని చేసే ప్లమ్ కేకు చవక కానే కాదు. చవకగా కావాలంటే రెండు చోట్ల తెలివి చూపాలి. మొదటిది టూటీ ఫ్రూటీ. అది పచ్చి బొప్పాయే. పెరట్లో కాయ ఉంటే చిన్న ముక్కలు కోసి, అద్దంలా మారేదాకా ఉడికించి, పంచదార పాకంలో వేసి, పాకం తీగ సాగేదాకా ఉంచండి. రెండు మూడు గిన్నెల్లోకి పంచి రంగులు కలిపి, ఒక రోజు నాననిచ్చి, గుడ్డ మీద ఫ్యాను కింద ఆరబెట్టండి. కొన్నవాటి కన్నా మెత్తగా ఉంటాయి. రెండోది రంగు. ప్లమ్ కేకుకు ఆ ముదురు గోధుమ రంగు కోకోతో రాదు, మాడిన పంచదారతో వస్తుంది. పంచదార కరిగి, బాగా ఎర్రబడి, పొగ మొదలవుతుండగా వేడినీళ్ళు పోయాలి. చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టండి. ఎండుద్రాక్ష, ఖర్జూరం రమ్ములో నానబెట్టనక్కరలేదు. ఈ కాలంలో కమలాపండ్లు చవకే, ఆ రసంలో రాత్రంతా నానితే చాలు.

ఓవెన్ లేకపోతే కుక్కరులో ఉప్పు పోసి చేసే పద్ధతి మీకు తెలిసిందే. పనిచేస్తుంది, కానీ రోజూ అన్నం వండే మంచి కుక్కరును అలా వాడకండి. నీళ్ళు లేకుండా అంతసేపు కాగితే అడుగు పాడవుతుంది. దళసరి పాత గిన్నె, బరువైన మూత ఉంటే సరిపోతుంది. పది నిమిషాలు ముందుగా కాచి, సన్నని సెగ మీద 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. పండుగకు ఒకటి రెండు రోజుల ముందు చేయండి, అంతకన్నా ముందు వద్దు.

యేసు పుట్టిన ఘట్టాన్ని బొమ్మలతో చూపించే పశువుల పాక గురించి చెప్పకపోతే అన్యాయం. ఈ బల్ల మీద అన్నిటికన్నా తక్కువ ఖర్చు అయింది దీనికే. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ మొదటిసారి ఇలాంటిది పెట్టినప్పుడు ఒక తొట్టి, ఎండుగడ్డి, నిజమైన ఎద్దు, గాడిద, అంతే. మనకు డిసెంబరంటే వరికోతలు అయిన కాలం, గడ్డి అడిగితే ఎవరైనా ఇస్తారు. అట్టపెట్టెకు మూడు వైపులు ఉంచి, పైన గడ్డి కప్పి, కింద ఇసుక పరిచాను. ఆవు, గొర్రె దసరా బొమ్మల కొలువు పెట్టిన పక్కింటివాళ్ళ దగ్గర అడిగి తెచ్చినవి. జ్ఞానులు మాత్రం బంకమట్టితో చేశాను. ఒకాయన కొంచెం లావుగా వచ్చారు, ఫరవాలేదు.

చెట్టు కోసం సరుగుడు కొమ్మ. తీరం వెంబడి ఊళ్ళలో తేలిగ్గా దొరుకుతుంది. బకెట్లో తడి ఇసుక పోసి నిలబెడితే వారం రోజులు పచ్చగా ఉంటుంది. ఎండాక మాత్రం భగ్గుమంటుంది, దాని దగ్గర కొవ్వొత్తి పెట్టకండి. మంచులా దూది అంటించే అలవాటు ఉంది కదా, అది ఇంకా తొందరగా అంటుకుంటుంది. అసలు మన తీరంలో మంచు ఎప్పుడు కురిసిందని ఆ దూది? రంగు కాగితం గొలుసులు వేయండి, చక్కగా ఉంటుంది.

కమలా తొక్కలో నూనె పోసి దీపం వెలిగించే వీడియో చాలామంది పంపారు. నడిమి పీచు వత్తిలా పనిచేస్తుందంటారు. వెలిగించడానికే ఓపిక అయిపోతుంది. మానేయండి.

గ్రీటింగ్ కార్డులు ఇంట్లో చేయడం మంచిదే, కానీ యాభై మందికి చేయకండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించిందే అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక. దాని ధర 1 షిల్లింగు, ఆ రోజుల్లో అది సామాన్యులు కొనే వస్తువు కాదు. ఇద్దరు ముగ్గురికి చేతితో రాయండి, మిగతావాళ్ళకు ఫోను చేయండి.

చివరిగా, గాజు సీసాలో పిండి, పంచదార, చాక్లెట్ ముక్కలు పొరలు పొరలుగా పోసి ఇచ్చే కానుక. సీసా ఖరీదే ఎక్కువ, తీసుకున్నవాళ్ళు దాన్ని వండుతారన్న నమ్మకమూ లేదు. ఆ సీసాలో ఉసిరికాయ పచ్చడి పెట్టి ఇవ్వండి. ఇది ఉసిరికాయల కాలమే. కరివేపాకు పొడి అయినా సరే. సీసా లోపల చుక్క తడి ఉండకూడదు, ఎండలో ఆరబెట్టాకే నింపండి.

గుడ్డు తినని ఇంటికి గులాబీ పువ్వులు ఎలా ఇవ్వాలని ముందే అడుగుతారని తెలుసు. గుడ్డు మానేసి కొబ్బరి పాలు చిక్కగా తీసి కలపండి. పువ్వు కాస్త పెళుసుగా వస్తుంది, డబ్బాలో సర్దేటప్పుడు మధ్యలో కాగితం పెట్టండి. ఆ డబ్బా మీద 'గుడ్డు లేదు' అని రాయడం మరవకండి.